ఓరెగన్ బాట మీద ఎడ్లబండ్లు: మేత, చక్రం, ఇంకొన్ని సందేహాలు

పాలేటిగట్టు (బెంగళూరు)

వచ్చే జూన్‌లో మా అమ్మాయి, అల్లుడు మమ్మల్ని కాన్సస్ సిటీ నుంచి పోర్ట్‌లాండ్ దాకా కారులో తీసుకెళ్తామంటున్నారు. ఆ దారి చాలా మటుకు పాత ఓరెగన్ ట్రెయిల్ పక్కనే పోతుందట. 1840ల మొదట్నుంచి 1869లో రైలు పడేదాకా మూడు నాలుగు లక్షల మంది మిస్సోరీ నది ఒడ్డున బండ్లు కట్టుకుని పడమటికి పోయిన బాటలవి. కొందరు ఓరెగన్‌లో భూమి కోసం, కొందరు కాలిఫోర్నియాలో బంగారం కోసం, మోర్మన్లు తమ మతం తాము ఆచరించుకోవడానికి సాల్ట్ లేక్ వైపు. టికెట్లు తీసిన దగ్గర్నుంచి దొరికిందల్లా చదువుతున్నాను. ఎవరు ఏ ఏడాది వెళ్ళారు, ఏ కోట దగ్గర ఆగారు అన్నది బాగానే దొరుకుతోంది. బండి సంగతి, ఎద్దు సంగతి మాత్రం ఎవరూ విడమరిచి చెప్పడం లేదు. నాకు కావలసింది అదే.

మాది అద్దంకి దగ్గర పల్లెటూరు. ఇప్పుడు మారతహళ్ళిలో ఉంటున్నాం. మా నాన్న ఒంగోలు ఎడ్ల జతతో పొగాకు బేళ్ళు తోలేవారు. ఇనప పట్టా వేసిన చెక్క చక్రాల బండి. ఆముదంలో గడ్డి మసి కలిపి కందెన చేసి ఇరుసుకి పెట్టడం, ఎండాకాలం చెక్క ఎండి పట్టా వదులైతే చక్రాలు ఊడదీసి చెరువులో నానేయడం, ఇవన్నీ చిన్నప్పుడు నేను చేసిన పనులే. అందుకే ఈ సందేహాలు.

సినిమాల్లో చూస్తే అన్నీ గుర్రాలే. చదివితే ఎక్కువ బండ్లకి కట్టింది ఎడ్లనంటున్నారు. నిజమైతే ఎందుకని? బరువు బండితో వరసగా నాలుగు రోజులు తోలితే ఐదో రోజు ఎద్దుని కట్టడానికి మా నాన్నకి మనసొప్పేది కాదు. కాడి రాసుకున్న చోట మెడ వాచేది. పసుపూ నూనే రాసి విడిచిపెట్టేవారు. మరి వీళ్ళు ఐదారు నెలలపాటు ఎలా తోలారు?

ఆ తర్వాత మేత. మేమైతే ఒక్క రాత్రి మజిలీకే బండి కింద జల్లలో చొప్ప వేసుకుని పోయేవాళ్ళం. మూడు నాలుగు జతల ఎడ్లకి ఐదు నెలల మేత ఏ బండీ మోయలేదు కదా. దారిలో గడ్డివాములు పెట్టుకుని ఎవరైనా అమ్మారా?

పాత బొమ్మల్లో ఎద్దుల ముక్కుకి తాడు కనిపించదు. తోలేవాడు బండి మీద కూర్చోడు, పక్కన నడుస్తుంటాడు. ముకుతాడు లేకుండా ఎనిమిది ఎడ్లని ఎలా మళ్ళించారు? కొండ దిగేటప్పుడు ఎలా ఆపారు? నాలుగు చక్రాల బండి వెనక నుంచి తోసుకొస్తుంటే ముందున్న ఎద్దు కాళ్ళు నిలుస్తాయా?

చివరిది. ఓరెగన్ చేరినవాళ్ళకి ఒక్కొక్కరికి 320 ఎకరాలు ఊరికే ఇచ్చారని చదివాను. మా ఊళ్ళో జానెడు గట్టు కోసం అన్నదమ్ములు కోర్టుకెక్కడం చూసినవాణ్ణి. అంత నేల ఎవరిది? ఎవరు ఎవరికిచ్చారు? తెలిసినవాళ్ళు తీరిగ్గా చెప్పండి. పెద్ద జవాబైనా పరవాలేదు, చదువుతాను.


నంగనల్లూరు మాస్టారు (చెన్నై)

పాలేటిగట్టు గారూ, హైస్కూల్లో సోషల్ చెప్పి రిటైరైన వాణ్ణి. ఈ వలసల చరిత్రంటే నాకు ప్రాణం. మీరడిగినవాటిల్లో అసలైన ప్రశ్న మేత గురించే. అది తెలిస్తే మిగతావి చాలా వరకు వాటంతటవే విడిపోతాయి.

దారి సుమారు 3,200 కిలోమీటర్లు. చెన్నై నుంచి ఢిల్లీ వెళ్ళి మళ్ళీ నాగపూర్ దాకా వెనక్కి వచ్చినంత. మేత అమ్మేవాళ్ళు ఎవరూ లేరు. నేల మీద మొలిచిన గడ్డే మేత. ఏప్రిల్ ఆఖరుకో మే మొదట్లోనో మైదానంలో గడ్డి పశువు నోటికందేంత ఎత్తు లేచాకే మిస్సోరీ ఒడ్డు నుంచి బండ్లు కదిలేవి. ముందు బయల్దేరితే ఎడ్లు పస్తు. ఆలస్యం చేస్తే ముందుపోయిన మందలు గడ్డంతా మేసేసి ఉంటాయి, అవతల కొండల్లో మంచు పడిపోతుంది. రెండు వారాల తేడా మీద ప్రాణాలు ఆధారపడి ఉండేవి. వయోమింగ్‌లో ఇండిపెండెన్స్ రాక్ అనే నల్లరాతి గుట్ట ఉంది. జులై 4 నాటికి అక్కడికి చేరితే ప్రయాణం సకాలంలో సాగుతున్నట్టు లెక్క.

ఎడ్లే ఎందుకన్నది కూడా ఇక్కడే తేలుతుంది. గుర్రానికీ కంచరగాడిదకీ గడ్డితో పాటు ధాన్యం పడాలి. ఎద్దు ముతక గడ్డి తిని కూడా బండి లాగుతుంది. ఇక ధర. కెప్టెన్ ర్యాండాల్ఫ్ మార్సీ అనే సైన్యాధికారి 1859లో వలసదారుల కోసం వేసిచ్చిన లెక్కలో ఆరు కంచరగాడిదల జట్టు 600 డాలర్లు, ఎనిమిది ఎడ్ల జట్టు 200 డాలర్లు. సగానికి పైగా బండ్లకి ఎడ్లే కట్టారు. నడక నెమ్మదే, రోజుకి 20, 25 కిలోమీటర్లు. మధ్యాహ్నం కాడి దించి గంటో రెండు గంటలో మేపేవారు. స్తోమత ఉన్నవాళ్ళు అదనపు జతలు తోలుకుపోయి మార్చి మార్చి కట్టేవారు. అయినా దారి పొడవునా ఎడ్లు చచ్చిపోయాయి. మీ నాన్నగారు ఐదో రోజు విడిచిపెట్టేవారన్నారు చూశారా, అలా విడవడానికి వీళ్ళకి వ్యవధి లేకపోయింది. ఆదివారం ఆగాలా వద్దా అని బృందాల్లో పెద్ద గొడవలే జరిగేవి.

వాళ్ళ కాడి వేరు. అడ్డకర్ర మెడ మీద ఉంటుంది, వంచిన కర్ర ఒకటి మెడ కిందనుంచి పైకి వచ్చి కాడిలో బిగుస్తుంది. ఎద్దు భుజంతో తోస్తుంది. ముకుతాడు లేదన్నది నిజమే. దూడప్పట్నుంచే మాటకి అలవాటు చేస్తారు. 'గీ' అంటే కుడికి, 'హా' అంటే ఎడమకి. తోలేవాడు ఎడమ పక్కన నడుస్తూ చర్నాకోల ఝళిపిస్తాడు, చాలాసార్లు అది ఎద్దుకి తగలనే తగలదు. బండికి స్ప్రింగులు లేవు, ఉన్న చోటంతా సరుకే. కాబట్టి ముసలివాళ్ళు, జబ్బుపడ్డవాళ్ళు తప్ప ఆడవాళ్ళూ పిల్లలూ అందరూ నడిచారు.

బండి మీరనుకునేంత పెద్దది కాదు. తొట్టి వెడల్పు 4 అడుగులు, పొడవు 10 అడుగుల చిల్లర. పైన అవిసెనూనె పట్టించిన గుడ్డ గూడు. టన్నుకి అటూ ఇటూగా మోసేది. వలసదారుల కోసం దారి పుస్తకం రాసిన లాన్స్‌ఫర్డ్ హేస్టింగ్స్ 1845లో చెప్పిన ప్రకారం మనిషికి 90 కిలోల పిండి, 68 కిలోల ఉప్పు మాంసం, 9 కిలోల పంచదార, నాలుగున్నర కిలోల చొప్పున కాఫీ, ఉప్పు. నలుగురు పెద్దవాళ్ళుంటే తిండికే 700 కిలోలు. అమ్మమ్మ ఇచ్చిన బీరువా, ఇనప పొయ్యి అని ఎక్కించుకున్నవాళ్ళు వాటిని వయోమింగ్‌లోని ఫోర్ట్ లారమీ కోట చుట్టుపక్కలే దించేసి పోయారు. మైళ్ళ తరబడి అవి అలా పడి ఉండేవని డైరీల్లో రాసుకున్నారు.

మీ చక్రం కష్టమే వాళ్ళదీను. ప్లాట్ నది దాటి పైకి పోయేకొద్దీ గాలి పొడిబారి చెక్క కుంచించుకుపోయి పట్టాలు ఊడేవి. రాత్రిళ్ళు చక్రాలు నదిలో నానేశారు, పట్టాకీ చెక్కకీ మధ్య చెక్కముక్కలు దిగ్గొట్టారు. కందెన పైన్ చెట్టు తారులో పశువు కొవ్వు కలిపింది. దాని బకెట్టు వెనక ఇరుసుకి వేలాడుతుండేది. తారు అయిపోతే బేకన్ కొవ్వే రాశారు. ఎడ్లకి నాడాలు కొట్టారు. గిట్ట చీలి ఉంటుంది కాబట్టి కాలికి రెండేసి ముక్కలు. నాడాలు దొరకని చోట బైసన్ అనే అడవిదున్న తోలుతో జోడు కుట్టి తొడిగారు. వంటచెరకు లేని మైదానంలో పొయ్యిలోకి ఆ బైసన్ల ఎండిన పేడే. సాయంత్రం మజిలీ కాగానే పిల్లలు గోనెసంచులు పట్టుకుని ఏరడానికి పోయేవారు.

నీళ్ళ దగ్గరే ఎక్కువమంది పోయారు. 1849, 1850, 1852లో ప్లాట్ నది ఒడ్డున కలరా. పొద్దున బాగున్న మనిషి సాయంత్రానికి గోతిలోకి. బండి చక్రం కింద పడ్డ పిల్లలు, నది దాటుతూ కొట్టుకుపోయినవాళ్ళు, చేతిలో తుపాకీ పేలి పోయినవాళ్ళు. సినిమాల్లో చూపించినట్టు స్థానిక తెగల దాడుల్లో చచ్చిపోయినవాళ్ళు 1840 నుంచి 1860 దాకా 400 లోపేనని చరిత్రకారుల లెక్క. అదే కాలంలో వలసదారుల చేతుల్లో చచ్చిన స్థానికులు అంతకన్నా ఎక్కువ.

పైన చెప్పిన హేస్టింగ్సే ఉటా ఎడారి మీదుగా ఒక అడ్డదారి చూపించాడు. 1846లో డోనర్, రీడ్ కుటుంబాల బృందం ఆ దారి పట్టింది. అటు పోవద్దని ఫోర్ట్ లారమీ దగ్గర జేమ్స్ క్లైమన్ అనే అనుభవజ్ఞుడు రీడ్‌కి మొహం మీదే చెప్పాడు. 40 మైళ్ళన్న ఉప్పుటెడారి 80 మైళ్ళుంది. దాహానికి రీడ్ ఎడ్లు రాత్రికి రాత్రి చెదిరిపోయి, ఒక ఎద్దు, ఒక ఆవు మిగిలాయి. కాలిఫోర్నియా అంచున సియెర్రా కొండల కిందికి చేరేసరికి అక్టోబరు ఆఖరు, మంచు దిగింది. 87 మందిలో బతికింది 50 లోపు. రీడ్‌ల పిల్ల వర్జీనియా మరుసటేడు మేలో చుట్టాలకి ఉత్తరం రాస్తూ, అడ్డదారులు పట్టకండి, ఎంత తొందరగా వీలైతే అంత తొందరగా సాగిపోండి అంది. పదమూడేళ్ళ పిల్ల. ఆ ఉత్తరం గురించి క్లాసులో చెప్పినప్పుడల్లా నా గొంతు పూడుకుపోయేది.

ఇక నేల ఎవరిదన్నారు. 1850 సెప్టెంబరులో అమెరికా కాంగ్రెస్ చేసిన చట్టం ప్రకారం ఓరెగన్‌లో అప్పటికే స్థిరపడ్డ పెళ్ళికాని తెల్లవాడికి 320 ఎకరాలు, పెళ్ళయితే 640. అందులో సగం భార్య పేరున. ఆ తర్వాత వచ్చినవాళ్ళకి సగం. నల్లవాళ్ళకి లేదు. అక్కడ నల్లవాళ్ళు ఉండకూడదని 1844లోనే స్థానిక శాసనం చేశారు. ఆ ఏడే మిస్సోరీ నుంచి వచ్చిన జార్జ్ బుష్ అనే నల్లజాతి రైతు దాని మూలంగానే కొలంబియా నది దాటి ఉత్తరానికి పోయి స్థిరపడ్డాడు. పంచిపెట్టిన భూమి కలపూయా, చినూక్ లాంటి తెగలది. వాళ్ళతో ఒప్పందాలు పూర్తికాకుండానే పంచేశారు. మీరు కోర్టు మాట ఎత్తారు. వాళ్ళకి అప్పట్లో ఎక్కడానికి కోర్టు మెట్టు కూడా లేదు.

మైదానంలోనూ అంతే, అక్కడా మూలం మేతే. 1852 ఒక్క ఏడే సుమారు 70 వేల మంది, వాళ్ళ వెనక లక్షల పశువులు. ప్లాట్ లోయలో గడ్డి పోయింది, బైసన్ మందలు తప్పుకున్నాయి, వాటి మీద బతికే లకోటా, షయాన్ తెగల జనం ఆకలిపాలయ్యారు. ఇలాంటి నష్టానికి పరిహారంగా అంతకుముందు ఏడే, 1851లో, ఫోర్ట్ లారమీ ఒప్పందంలో 50 ఏళ్ళపాటు ఏటా సరుకులిస్తామన్నారు. సెనేట్ దాన్ని 10 ఏళ్ళకి కోసేసింది. 1854 ఆగస్టులో ఒక మోర్మన్ వలసదారుడి కుంటి ఆవు తప్పిపోయి లకోటా గుడారాల్లోకి పోయింది. సరుకుల బండ్ల కోసం ఎదురుచూస్తున్న జనం అది. ఒకతను ఆవుని కొట్టాడు, కోసుకుని తిన్నారు. వాళ్ళ పెద్ద కాంకరింగ్ బేర్ తన మందలోంచి బదులు ఇస్తానన్నాడు. ఆవుగలాయన 25 డాలర్లే కావాలన్నాడు. లెఫ్టినెంట్ గ్రాటన్ 29 మంది సైనికుల్ని, రెండు ఫిరంగుల్ని వెంటబెట్టుకుని, ఆవుని కొట్టినవాణ్ణి పట్టుకోవడానికి పోయాడు. కాల్పుల్లో కాంకరింగ్ బేర్‌కి ప్రాణాంతకమైన గాయాలయ్యాయి, గ్రాటన్ దళమంతా హతమైంది. మరుసటేడు జనరల్ హార్నీ సైన్యం బ్లూ వాటర్ క్రీక్ దగ్గర లకోటా శిబిరం మీద పడి 86 మందిని చంపింది. అందులో ఆడవాళ్ళూ పిల్లలూ ఉన్నారు. మీరు ఆ దారిన కారులో పోతున్నప్పుడు ఈ మాట కూడా పిల్లలకి చెప్పండి. బండ్లు తోలినవాళ్ళ తెగువ ఎంత నిజమో ఇదీ అంతే నిజం.


జయనగర్ వసంతం (బెంగళూరు)

మాస్టారు గారికి నమస్కారం. మేము కొన్నేళ్ళు డెన్వర్‌లో ఉండి వచ్చాం. అన్నయ్యగారూ, మీరు చూడాల్సింది వయోమింగ్‌లో గెర్న్సీ అనే ఊరు. నార్త్ ప్లాట్ నది ఒడ్డున ఇసకరాతి గట్టు ఎక్కి పోయిన బండ్ల చాళ్ళు రాతిలోనే పడిపోయి ఉన్నాయి. కొన్నిచోట్ల 5 అడుగుల లోతు. చాలులోకి దిగి నిలబడితే రాయి నా భుజం దాకా వచ్చింది. వంగి చూస్తే, నేలకి దగ్గరగా పక్కగోడల్లో ఇరుసు కుదురు రాసుకుపోయిన గీత కూడా ఉంది. మధ్యలో ఎడ్లు నడిచిన చోటు విడిగా గుంటపడి ఉంది. దగ్గర్లోనే రిజిస్టర్ క్లిఫ్ అని మెత్తటి రాతి కొండ, దాని నిండా అప్పట్లో చెక్కుకున్న పేర్లు, సంవత్సరాలు. వాటి పక్కన ఈ మధ్య వచ్చినవాళ్ళు కూడా చెక్కారు. చూస్తే బాధేస్తుంది.

నెబ్రాస్కాలో ఓగలాలా అనే ఊరి దగ్గర పెద్ద హైవే వదిలేసి 26వ నంబరు రోడ్డు పట్టుకోమని అల్లుడుగారికి చెప్పండి. యాష్ హాలో, చిమ్నీ రాక్, స్కాట్స్ బ్లఫ్, ఫోర్ట్ లారమీ, గెర్న్సీ వరసగా అందులోనే తగులుతాయి. యాష్ హాలో దగ్గర విండ్లాస్ హిల్ అని నిట్రమైన దిగుడు ఉంది. బండి ఎలా దించారన్నారు కదా, అక్కడ వెనక చక్రాలని గొలుసులతో కదలకుండా కట్టేసి, వెనక తాళ్ళు పట్టుకుని మనుషులు వేలాడుతూ దించారట. ఓరెగన్‌లో ఇంకా ఘోరం. మౌంట్ హుడ్ పక్కన 1846లో బార్లో వేసిన బాటలో లారెల్ హిల్ దగ్గర తాళ్ళని చెట్లకి చుట్టి, కొంచెం కొంచెంగా వదులుతూ బండిని దించారు. అదీ 26వ నంబరు రోడ్డు పక్కనే. పోర్ట్‌లాండ్ నుంచి ఒక పూటలో చూసి రావచ్చు.

సౌత్ పాస్ దగ్గర మాత్రం కనుమ అనగానే ఇరుకు సందు ఊహించుకోకండి. ఎత్తు 7,400 అడుగులే గాని చదునుగా, మైళ్ళ వెడల్పున ఉంటుంది. బండ్లు రాకీ పర్వతాలు దాటగలిగాయంటే అది అలా ఉండబట్టే.


వైట్‌ఫీల్డ్ సైకిల్ (బెంగళూరు)

బండి చక్రం గురించి ఒక్క ముక్క. 1847లో మోర్మన్ల మొదటి బృందంలో విలియం క్లేటన్ అనే ఆయనకి రోజుకి ఎంత దూరం పోయారన్నది కచ్చితంగా రాయాలని పట్టుదల. చక్రం చుట్టుకొలత 14 అడుగుల 8 అంగుళాలు. అంటే 360 చుట్లు తిరిగితే సరిగ్గా ఒక మైలు. చక్రానికి ఎర్రగుడ్డ కట్టి, పక్కన నడుస్తూ రోజంతా ఆ చుట్లు లెక్కపెట్టాడు. ఆ పని భరించలేక పళ్ళచక్రాల యంత్రం ఒకటి ఉంటే బాగుంటుందన్నాడు. బృందంలోని ఆర్సన్ ప్రాట్ నమూనా గీస్తే, యాపిల్టన్ హార్మన్ దారిలోనే చెక్కతో చేసి బండికి బిగించాడు. ఆ కొలతలతో క్లేటన్ వేసిన దారిలెక్కలు తర్వాత వచ్చినవాళ్ళకి ఎన్నో ఏళ్ళు పనికొచ్చాయి. సైకిల్‌కి మీటరు బిగించుకునే నాకు ఆయనంటే గౌరవం.


పాలేటిగట్టు (బెంగళూరు)

మాస్టారూ, చెల్లెమ్మా, తమ్ముడూ, కడుపు నిండింది. మీ జవాబులు ప్రింటు తీయించి మా ఆవిడకి చదివి వినిపించాను. ఆవు సంగతి విని చాలాసేపు మాట్లాడలేదు తను. పొరుగు గొడ్డు మన చేలో పడితే బందెలదొడ్డికి తోలడం, పెద్దమనుషులు కూర్చుని తప్పు కట్టించడం మా ఇద్దరికీ తెలుసు. ఆ పెద్దాయన చేయబోయింది కూడా అదే కదా.

చెల్లెమ్మ చెప్పిన చాలులో ఎడ్లు నడిచిన గుంట చూసి తీరతాను. ఒక్క సందేహం మిగిలింది. అప్పటి బండి, అప్పటి తరహా ఎద్దు, బొమ్మ కాకుండా అసలుది ఎక్కడైనా చూడగలనా? అలాగే మాస్టారూ, మనవైపు నుంచి ఆ రోజుల్లో ఇలాంటి దూరప్రయాణాలు చేసి రాసుకున్నవాళ్ళు ఉన్నారా?


నంగనల్లూరు మాస్టారు (చెన్నై)

ఉన్నారు. ఈ మద్రాసు నుంచే. సుప్రీం కోర్టులో దుబాసీగా పనిచేసిన ఏనుగుల వీరాస్వామయ్య గారు 1830 మే 18న సుమారు వంద మందితో కాశీకి బయల్దేరి, 1831 సెప్టెంబరు 3న తిరిగి చేరారు. కడప, హైదరాబాదు, నాగపూరు మీదుగా. ఏ మజిలీలో నీళ్ళు బాగుంటాయి, ఎక్కడ దుకాణాలున్నాయి, ఎక్కడ దారి రాళ్ళమయం, అన్నీ తెలుగులో రాశారు. సరిగ్గా ఆయన బయల్దేరిన 1830 ఏప్రిల్లోనే విలియం సబ్లెట్ అనే బొచ్చుతోళ్ళ వ్యాపారి సెయింట్ లూయీస్ నుంచి 10 పెద్ద బండ్లతో బయల్దేరి రాకీ పర్వతాల దాకా పోయి, బండ్లు అక్కడికి పోగలవని రుజువు చేశాడు. వీరాస్వామయ్య గారి రాతలు చదివితే మజిలీ మజిలీకి ఊరు, సత్రం, చెరువు తగులుతుంటాయి. ఎంత దూరమైనా ఆయన జనం మధ్య నుంచే వెళ్ళారు, అందరికీ దండం పెట్టుకుంటూ ఇంటికి తిరిగొచ్చారు. ఓరెగన్ డైరీలతో పాటు ప్రయాణానికి ముందు అదీ ఒకసారి చదవండి.


జయనగర్ వసంతం (బెంగళూరు)

అసలు ఎద్దే ఉంది అన్నయ్యగారూ. ఎజ్రా మీకర్ అని ఒకాయన 1852లో భార్యతో, పసిబిడ్డతో ఎడ్లబండి మీద ఆ దారిన ఓరెగన్ చేరాడు. ఆ బాటని జనం మర్చిపోతున్నారని 1906లో, డెబ్బై అయిదేళ్ళ వయసులో, మళ్ళీ ఎడ్లు కట్టుకుని ఈసారి పడమటి నుంచి తూర్పుకి తోలాడు. దారి పొడవునా గుర్తురాళ్ళు పాతించాడు. 1907లో వాషింగ్టన్ డీసీ చేరి ప్రెసిడెంటు రూజ్‌వెల్ట్‌కి ఎడ్లనీ బండినీ చూపించాడు. ముసలితనంలో 1924లో అదే దారి మీద విమానంలో కూడా వెళ్ళాడు. ఆయన ఎడ్లు డేవ్, డాండీ. చచ్చిపోయాక వాటిని చర్మంతో సహా నిలబెట్టి, బండితో పాటు టకోమాలోని వాషింగ్టన్ రాష్ట్ర చరిత్ర మ్యూజియంలో భద్రపరిచారు. పోర్ట్‌లాండ్ నుంచి కారులో రెండున్నర గంటల దారి. అన్నిసార్లూ ప్రదర్శనలో పెట్టకపోవచ్చు, వెళ్ళేముందు అమ్మాయి చేత ఫోన్ చేయించండి.

ఇంకో సంగతి. వయోమింగ్‌లో కాస్పర్ ఊరు దాటాక ఇండిపెండెన్స్ రాక్, సౌత్ పాస్ వైపు ఊళ్ళు బాగా దూరం దూరంగా ఉంటాయి, ఫోన్ సిగ్నల్ కూడా పోతుంటుంది. పెట్రోలు, తాగే నీళ్ళు, పులిహోర, పెరుగన్నం అన్నీ కాస్పర్‌లోనే సర్దుకుని కదలండి. జూన్‌లో కూడా సౌత్ పాస్ మీద గాలి చలిగానే ఉంటుంది, వదినగారికి స్వెట్టరు పైకి దొరికేలా పెట్టండి.